ఒమర్ సులేమాన్ కీబోర్డు దబ్కే: సంప్రదాయానికి కొనసాగింపా, నష్టమా?

స్వరపిపాసి: సిరియాలోని రాస్ అల్-ఐన్ ప్రాంతానికి చెందిన ఒమర్ సులేమాన్ 1994 నుండి పెళ్లిళ్లలో పాడుతూ, దబ్కే అనే అరబ్బు సామూహిక నృత్యపు పాటలను రిజాన్ సయీద్ కీబోర్డుతో, ఎలక్ట్రానిక్ తాళాలతో మేళవించి, 2013లో ‘వేను వేను’ ఆల్బంతో యూరప్ శ్రోతలను ఆకట్టుకున్నారు. ఇది సంప్రదాయపు కొనసాగింపేనని నా అభిప్రాయం.

వాయులీనం: నేను అంగీకరించను. బయాతీ అనే మకామ్‌లో (మకామ్ అంటే మన రాగం వంటి అరబ్బు స్వరపద్ధతి) రెండవ స్వరం మన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ నడుమ పలుకుతుంది. కీబోర్డు మెట్లలో ఆ చోటే లేదు. 1932 నాటి కైరో అరబ్బు సంగీత మహాసభలో పియానోపై అంత వాదన జరిగింది ఇందుకే.

స్వరపిపాసి: అరబ్బు సంగీతం కోసం తయారయ్యే కీబోర్డులలో ఏ స్వరాన్నైనా పావుస్వరం (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగం) దించుకునే మీటలున్నాయి. 1964లో ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ ‘ఇంత ఉమ్రీ’ పాటకు స్వరకర్త అబ్దుల్ వహాబ్ ఎలక్ట్రిక్ గిటారును వాడారు కదా!

వాయులీనం: ఆ గిటారు బృందంలో ఒక వాద్యంగా చేరింది, ఈ కీబోర్డు బృందాన్నే తొలగించింది. పైగా మీట దించిన స్వరం కదలదు, మనిషి పలికించే స్వరం ఆరోహణలో ఒకచోట, అవరోహణలో మరొకచోట నిలుస్తుంది.

బార్కస్ కుర్రవాడు: హైదరాబాదులో అరబ్బు మూలాలున్న మావాళ్ల పెళ్లిళ్లకు మర్ఫా డప్పులు మోగితే చాలు, స్వరస్థానాలను ఎవరూ కొలవరు.

స్వరపిపాసి: వాయులీనం గారూ, దబ్కే ఆడేవారికి లేని అభ్యంతరం మీకెందుకు?

వాయులీనం: ఎందుకంటే మా తండ్రిగారు నాదస్వర విద్వాంసులు. సొంత బంధువుల పెళ్లిలోనే ఆయనను పక్కన కూర్చోబెట్టి, కీబోర్డులో నాదస్వరం మోగించారు. ఆనాడూ అందరూ మెచ్చుకున్నారు.

స్వరపిపాసి: అది బాధాకరమే. అయితే మీ అసలు అభ్యంతరం పావుస్వరం కాదు, వాద్యకారుల ఉపాధి. దానికీ నా వద్ద సమాధానముంది: ఒక గాయకుడు, ఒక కీబోర్డు ఉంటే పెళ్లి జరిపించుకోగలిగిన పేద కుటుంబాన్ని పూర్తి మేళం పెట్టించుకోమని ఎవరు శాసించగలరు?

వాయులీనం: పేదవారిని నేను తప్పుపట్టడం లేదు. పెళ్లి ఖర్చు ఆ కుటుంబానిది, కానీ యూరప్ వేదికలకు ఆ ఇబ్బంది లేదు. అక్కడైనా కీబోర్డు అనుకరించే మిజ్విజ్ అనే ఊదువాద్యపు ధ్వనితో పాటు ఆ జంట గొట్టాలను ఊపిరి తెగకుండా ఊదగలిగే మనిషిని కూడా ఎందుకు పిలవకూడదు?

స్వరపిపాసి: పిలిస్తే నేనూ సంతోషిస్తాను. పిలవనంత మాత్రాన సయీద్ వాయించినది అరబ్బు సంగీతం కాకుండా పోదు.