అప్‌డేట్: రిపోర్టు రాకముందే నాన్నకు ఎక్కించిన యాంటీబయాటిక్ గురించి

నాన్నకు చలిజ్వరం వచ్చి, బీపీ పడిపోయి, మాట తడబడుతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఏ రిపోర్టూ రాకుండానే పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ నరంలోకి ఎక్కించారు. అంత పెద్ద మందు అప్పుడే అవసరమా అని పోయిన వారం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. నాన్న నిన్న లేచి కూర్చుని నన్ను పేరు పెట్టి పిలిచారు. ఆ టెన్షన్ ఇప్పటికి తగ్గింది.

డాక్టర్‌గారినే అడిగేశాను. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కి శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) అనుమానం ఉండి బీపీ కూడా పడిపోతే, వీలైతే గంటలోపే మందు పడాలట. 2021 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్నదీ అదే. షాక్, అంటే బీపీ అలా ప్రమాదకరంగా పడిపోవడం, లేకుండా అనుమానం మాత్రమే ఉంటే, త్వరగా పరీక్షలు చేసి మందు కావాలో లేదో 3 గంటల్లోపు తేల్చుకోవచ్చు. ఏ క్రిమో తెలియదు కాబట్టి మొదట ఎక్కువ రకాల మీద పనిచేసేది ఇస్తారు.

మందు పెట్టే ముందు నర్సు రెండు చేతుల నుంచీ రక్తం తీసి నాలుగు కల్చర్ సీసాలు (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించేవి) నింపారు. ఆలస్యం చేస్తున్నారని ఆవిడ మీద విసుక్కున్నాను, ఇప్పుడు బాధగా ఉంది. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చట. పెన్సిలిన్ పడదా అని రెండుసార్లు అడిగింది కూడా ఊరికే కాదు, పైపెరాసిలిన్ ఆ కుటుంబం మందే.

రక్తంలో, మూత్రంలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా తేలింది. మూడో రోజు, ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు చూసి సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కి మార్చారు, రోజుకు ఒక్కసారే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇంకా కాస్త ఎక్కువగానే ఉంది. రేపు మళ్లీ చూసి, మాత్రలకు మార్చే సంగతి చెబుతామన్నారు.