పాలు పడని పాపకు పెరుగన్నం ఎలా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆరేళ్ల పాపకు పాల ప్రోటీన్ అలర్జీ అని డాక్టర్ తేల్చారు. ఇది లాక్టోజ్ (పాలలోని చక్కెర) అరగకపోవడం కాదు. అందుకే లాక్టోజ్ తీసేసిన పాలు, గేదెపాలు, మేకపాలు కూడా వద్దన్నారు. నెయ్యిలోనూ కాస్త ప్రోటీన్ మిగిలిపోతుందట, అదీ మానేశాం.

ఇక్కడ మిఠాయి అంటే ఛెనాయే, అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద. రసగుల్లా, ఛెనాపోడ లేని విందు ఉండదు. పప్పూ కూరగాయలూ వేసి వండే దాల్మాలోనూ చివర్లో నేతి పోపు పడుతుంది. ఇంట్లో అరిసెలు నూనెలోనే వేయిస్తున్నాం. పొయ్యి కట్టేశాక చిక్కటి కొబ్బరిపాలు పోస్తే పాయసం విరగడం లేదు, మా అత్తయ్యగారే మారు వడ్డించుకున్నారు!

చిక్కంతా పెరుగన్నంతోనే. వేరుశెనగ పాపకు పడుతుంది కాబట్టి ఆ పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టాను. పొద్దున చూస్తే పైన పిండిలాంటి తరక, అడుగున నీళ్లు. వాసన మాత్రం పుల్లగా బాగానే ఉంది. గట్టిగా తోడుకోవాలంటే ఏ పాలు వాడాలి, ఏం కలపాలి? పాలు కలవని తోడు పొడి ఎక్కడైనా దొరుకుతుందా?

ఇంకోటి. వచ్చే నెల బరంపురంలో పెళ్లి. ఒకే గరిటె అన్ని గిన్నెల్లో తిప్పే వంటవాళ్లకు ఈ సంగతి మీరైతే ఎలా చెబుతారు? "కొంచెం నెయ్యేగా" అనేస్తారని టెన్షన్‌గా ఉంది.