అప్‌డేట్: న్యాయ చరిత్ర పేపర్, తారీఖుల చిక్కు వీడిందండి

భారత న్యాయ చరిత్ర పరీక్షకి చదువుతుంటే 1726, 1773, 1781, 1861 అన్నీ కలగాపులగం అయిపోతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదండి. వరసగా బట్టీ పట్టొద్దు, ప్రతి కోర్టు దగ్గరా మీలో కొందరు "దీనికి అధికారం ఎవరిచ్చారు?" అని అడగమన్నారు. అదే పనిచేసింది.

పేజీకి నిలువుగా గీత కొట్టాలి. ఎడమవైపు ఇంగ్లండు రాజుగారి కోర్టులు: 1726 చార్టర్ (రాజుగారి అధికార పత్రం) పెట్టిన మేయర్ కోర్టులు, కలకత్తా సుప్రీంకోర్టు. కుడివైపు ఈస్టిండియా కంపెనీ అదాలత్‌లు (కంపెనీ పెట్టిన కోర్టులు), 1772లో బెంగాల్ గవర్నర్ వారెన్ హేస్టింగ్స్ పథకం నుంచి. 1779-80లో బెంగాల్ కాసిజోరా జమీందారు కేసు సుప్రీంకోర్టుకీ కంపెనీకీ మధ్య కొట్లాటే. అందుకే 1781 చట్టం సుప్రీంకోర్టు చేతులు కట్టేసింది. 1861 హైకోర్టుల చట్టంతో రెండు రకాల కోర్టులూ కలిసి గీత చెరిగిపోతుంది, 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. ఎక్కువమంది తప్పు రాసేది కలకత్తా సుప్రీంకోర్టు తారీఖు: 1773 చట్టం సుప్రీంకోర్టుకి దారి వేసిందంతే, చార్టర్ వచ్చింది 1774లో.

భూమి చట్టాలకి మన జమీందారీలే చాలు. 1802 మద్రాసు రెగ్యులేషన్ 25 (అప్పటి కంపెనీ చట్టం) శాశ్వత శిస్తు కట్టింది, 1908 చట్టం రైతుకి సాగు హక్కు ఇచ్చింది, 1948 చట్టం జమీలే ఎత్తేసింది. పిఠాపురం ఎస్టేటు తగవు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ (అప్పటి చివరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లింది, 1899 తీర్పు తప్పక చదవండి.

చట్టం ఎక్కడిదాకా చెల్లుతుందో తెలియాలంటే అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం చూడండి. 1930లో బాల్య వివాహాలను ఆపే శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చినా ఫ్రెంచి గడ్డ మీద చెల్లలేదు. బాల్య వివాహాలకి గోదావరి జనం అక్కడికే పరిగెత్తారు!