ఒక్కో వీఎమ్‌కి వేరే డీఎన్ఎస్: లోపల పెట్టాలా, బయట్నుంచి ఇవ్వాలా?

తీగలాగు: ఒకే హోస్ట్ (అసలు కంప్యూటర్) మీద లినక్స్ కేవీఎమ్‌లో మూడు వీఎమ్‌లు (వర్చువల్ మెషీన్లు) నడుపుతున్నా, వాటిని చూసుకునే లిబ్‌వర్ట్ ఇచ్చే డిఫాల్ట్ నెట్‌వర్కే, అందుకని మూడింటికీ 192.168.122.1 డీఎన్ఎస్‌గా (పేరు చెబితే ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్‌గా) వస్తోంది. ఒకదానికి ఆఫీసు లోపలి పేర్లు తెలియాలి, ఇంకోదానికి యాడ్లు ఆపే డీఎన్ఎస్ కావాలి, మూడోది టెస్టింగ్‌కి. ఏ డీఎన్ఎస్‌ని అడగాలో ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్లో మూడు అడ్రసులూ వరసగా రాశా, ఒకదాంట్లో దొరక్కపోతే తర్వాతదాన్ని అడుగుతుంది కదా అని. ఆఫీసు పేరు ఒక్కటీ దొరకట్లేదు.

కెర్నెల్‌అన్న: అడగదు తమ్ముడూ. మొదటి సర్వర్ "అలాంటి పేరు లేదు" అందంటే అదే జవాబు, అక్కడితో ఆగిపోద్ది. సర్వర్ ఫెయిలైతేనో, అసలు పలక్కపోతేనో మాత్రమే రెండోదాని దగ్గరికి పోతుంది, పలక్కపోతే మామూలుగా 5 సెకన్లు చూసి మరీ. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఇంకోటి, ఆ ఫైల్ చేత్తో రాయకు, నెట్ సెట్టింగులు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ తిరగరాసేస్తుంది. హోస్ట్ మీదుండి వీఎమ్‌లకి అడ్రసులు పంచే డీఎన్ఎస్‌మాస్క్‌కే చెప్పు: ఫలానా మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్‌కి) ఫలానా ట్యాగ్, ఆ ట్యాగ్‌కి డీహెచ్‌సీపీ (నెట్ సెట్టింగులు వాటంతటవే పంచే పద్ధతి) ఆప్షన్ 6లో ఫలానా డీఎన్ఎస్ అని. లిబ్‌వర్ట్ 5.6 నుంచి ఈ ఆప్షన్లు నెట్‌వర్క్ సెట్టింగులుండే ఎక్స్ఎంఎల్‌లోనే రాయొచ్చు. అంతా ఒకేచోట కనబడుద్ది.

మూడోగది: నేను ఒప్పుకోను. వర్ట్-క్లోన్‌తో కాపీ తీస్తే మ్యాక్ మారిపోతుంది, ట్యాగ్ తగలదు, క్లోన్‌కి మళ్లీ పాత డిఫాల్ట్ డీఎన్ఎస్సే వస్తుంది, ఎవరూ గమనించరు కూడా. వీఎమ్ లోపల నెట్‌వర్క్ మేనేజర్ కనెక్షన్‌లోనే డీఎన్ఎస్ పెట్టి, డీహెచ్‌సీపీ ఇచ్చేది పట్టించుకోవద్దని ఇగ్నోర్-ఆటో-డీఎన్ఎస్ ఆన్ చేస్తే రీబూట్‌కీ పోదు, డిస్క్‌తోపాటే వస్తుంది.

కెర్నెల్‌అన్న: డిస్క్‌తో రావడమే నా బాధ అండి! ఆఫీసు వీఎమ్‌ని కాపీ తీసి టెస్టింగ్‌కి వాడితే అదీ ఆఫీసు సర్వర్‌నే అడుగుతూ కూర్చుంటుంది. క్లోన్‌కి డిఫాల్ట్ రావడమే మంచిది.

వంతెన: మీరిద్దరూ అసలు సంగతి వదిలేస్తున్నారు. డీహెచ్‌సీపీ ఇచ్చేది సలహా మాత్రమే, లోపలున్నవాడు వినాలని లేదు. లోపలి సెట్టింగూ అంతే, రూట్ (అడ్మిన్) హక్కులు ఉన్నవాడు ఎప్పుడైనా మారుస్తాడు. నిజంగా కట్టడి కావాలంటే ఒక్కోదానికి వేరే బ్రిడ్జి (వీఎమ్‌ని నెట్‌కి కలిపే వర్చువల్ స్విచ్) పెట్టి, హోస్ట్ ఫైర్‌వాల్‌లో డీఎన్ఎస్ వాడే 53 పోర్టుకి పోయేదంతా మనం చెప్పిన సర్వర్‌కే తిప్పాలి. అప్పటికీ బ్రౌజర్ డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (వెబ్ ట్రాఫిక్‌లో కలిపి డీఎన్ఎస్ అడగడం) వాడితే 443 పోర్టు మీద దర్జాగా బయటికి పోతుంది, దాన్ని విడిగా ఆపాలి. నీకు కావాల్సింది సౌకర్యమా, కట్టడి చెయ్యడమా, ముందు అది తేల్చుకో తీగలాగు.

తీగలాగు: నాకు సౌకర్యమే చాలు, అన్నీ నా వీఎమ్‌లే కాబట్టి. ట్యాగ్‌లు పెట్టా. ఎక్స్ఎంఎల్ మార్చాక నెట్‌వర్క్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మూడింటికీ నెట్ మొత్తం పోయింది, భయమేసింది, చూస్తే నడుస్తున్న వీఎమ్‌లు బ్రిడ్జి నుంచి ఊడిపోయాయి. పూర్తిగా షట్‌డౌన్ చేసి లేపాక, ఏ డీఎన్ఎస్ వాడుతోందో చూపే రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్‌లో మూడింటికి మూడు డీఎన్ఎస్‌లు కనిపించాయి, ఆఫీసు పేర్లూ దొరికాయి. మూడోగది చెప్పింది మాత్రం మనసులో పడింది, యాడ్ల వీఎమ్‌ని తరచూ క్లోన్ చేస్తుంటా, దానికొక్కదానికి లోపలే పెట్టేశా.

కెర్నెల్‌అన్న: రెండు చోట్ల పెట్టావన్నమాట. ఆ ఎక్స్ఎంఎల్‌లో ఆ వీఎమ్ ట్యాగ్ ఇప్పుడే తీసెయ్, లేదంటే ఆరునెలల తర్వాత అది చూసి అక్కడ మార్చి, ఎందుకు మారట్లేదని రాత్రంతా తల పట్టుకుంటావ్.