"నాకు తెలుసు" అనాలా, "నమ్ముతున్నాను" అనాలా?

పోస్టు:
వ్యాకరణం బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఒక చిక్కు విప్పండి. మాది హైదరాబాద్‌లో మోర్మన్ కుటుంబం. అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. 2018లో మా అప్పటి అధ్యక్షుడు పూర్తి పేరే వాడమన్నారు గానీ, అది చెబితే ఇక్కడ ఏ చర్చో ఎవరికీ అర్థం కాదు.

నెలలో మొదటి ఆదివారం మాకు ఉపవాసం. ఆ రోజు ముందుగా అనుకున్న ప్రసంగాలు ఉండవు. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్ళు మైకు దగ్గరికి వెళ్ళి సాక్ష్యం చెబుతారు. చిన్నపిల్లలు కూడా వెళ్తారు, పక్కన అమ్మ వంగి చెవిలో అందిస్తుంటుంది: "ఈ సంఘం నిజమైనదని నాకు తెలుసు. జోసెఫ్ స్మిత్ ప్రవక్త అని నాకు తెలుసు." జోసెఫ్ స్మిత్ అంటే మా సంఘ స్థాపకుడు. మా సంఘ కేంద్రం ఉన్న అమెరికాలోని యూటాలో పిల్లలు చెప్పేదీ ఇదే.

నేను "నమ్ముతున్నాను" అనగలను. "తెలుసు" అనడానికి నోరు రావట్లేదు. ఈమధ్య మైకులో "నమ్ముతున్నాను" అనేసి వచ్చాను. బయట ఒక ఆంటీ చెయ్యి పట్టుకుని "ఏమ్మా, ఇంట్లో అంతా బాగానే ఉందా?" అన్నారు. ఈ రెండు మాటలకీ మధ్య నిజంగా అంత దూరం ఉందా?

వ్యాఖ్య:
ఉందండి. "నాకు తెలుసు"లో "నేను" లేదు చూడండి. "నాకు" అని కు-విభక్తి (పాత లెక్కలో షష్ఠి). నాకు ఆకలేసింది, నాకు జ్వరమొచ్చింది, నాకు తెలిసింది. మూడూ మనకు జరిగేవే. నమ్మడం అలా కాదు, అది "నేను" చేసే పని. "నమ్మాలని నిర్ణయించుకున్నాను" అంటే కుదురుతుంది. "తెలియాలని నిర్ణయించుకున్నాను" అని చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉందో.

వ్యాఖ్య:
మాది బాప్టిస్టు చర్చి. మా దగ్గర సాక్ష్యమంటే కథ. పిల్లాడికి టైఫాయిడ్ వచ్చింది, డాక్టర్లు చేతులెత్తేశారు, సంఘమంతా ప్రార్థన చేసింది, మూడో రోజు లేచి అన్నం అడిగాడు. అంతే. "ఫలానాది నిజమని నాకు తెలుసు" అనే వరస మేమెప్పుడూ వినలేదు. ఇంకో మాట. బైబిల్లో పౌలు "నేను నమ్మినవాని ఎరుగుదును" అంటాడు (2 తిమోతికి 1:12). ఎరగడం మనిషిని. సంగతుల జాబితాని కాదు.

పోస్టు పెట్టినావిడ:
బాప్టిస్టు అన్నారు కాబట్టి చెప్తున్నా. తెలుగువాళ్ళలో మా సంఘం మొదలైంది కూడా ఒక బాప్టిస్టు ఇంట్లోనే. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరి, 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి బంధువులకి బోధించారు. ఇరవైమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. బైబిల్‌తో పాటు మేం పవిత్రంగా చూసే మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీ గారి నాన్నగారు, బాప్టిస్టు పాస్టరు. దేశంలో మా మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సమూహం) కూడా 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

"ఎరుగుదును" నాకు బాగా నచ్చింది. అయితే ఇంకాస్త వెతికితే మా గ్రంథాలే నా పక్షాన ఉన్నట్టున్నాయి. 1842లో జోసెఫ్ స్మిత్ ఒక పత్రికా సంపాదకుడికి రాసిన ఉత్తరంలోంచి వచ్చినవే మా 13 విశ్వాస ప్రమాణాలు. వాటిలో "నమ్ముతున్నాం" అని మళ్ళీ మళ్ళీ వస్తుంది. "మాకు తెలుసు" అని ఒక్కటీ మొదలవదు. మోర్మన్ గ్రంథంలోని ఆల్మా 32లోనైతే, విశ్వాసమంటే అన్నీ పూర్తిగా తెలిసి ఉండడం కాదని తేల్చి చెప్పేశారు. మా ఇంకో గ్రంథం "సిద్ధాంతము మరియు నిబంధనలు"లో 46వ భాగం ఇంకో మెట్టు ఎక్కుతుంది: కొందరికి తెలుసుకునే వరం ఇస్తారట, ఇంకొందరికి వాళ్ళ మాట నమ్మే వరం. రెండూ వరాలే! మరి మైకు దగ్గర మొదటి వరానికే ఎందుకు అంత గిరాకీ?

2013 ఏప్రిల్ మహాసభలో అపొస్తలుడు (మా సంఘ అగ్రనాయకుల్లో ఒకరు) జెఫ్రీ హాలండ్ ఒక 14 ఏళ్ళ కుర్రాడి సంగతి చెప్పారు. సంఘం నిజమని తెలుసు అని ఇంకా అనలేను, కానీ నిజమని నమ్ముతున్నాను అన్నాడట. ఆయన వాణ్ణి గట్టిగా కావలించుకున్నారట. నాకూ అలాంటి పెద్దాయన ఒకరు తగిలితే బాగుండేది.

వ్యాఖ్య:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను యూటాలోనే ఉంటాను, మోర్మన్‌ని కాదు. నా ఆఫీసులో వీళ్ళు చాలామంది. ఒకాయన చెప్పిందేమంటే, సాక్ష్యం చెప్పగా చెప్పగానే దొరుకుతుందని బాయిడ్ ప్యాకర్ అనే నాయకుడు 1980లలో బోధించారట. ముందు "తెలుసు" అనాలి, తర్వాత తెలుస్తుంది. మన వ్యాకరణానికి ఇది ఎలా సరిపోతుందో పైన చెప్పినాయనే చెప్పాలి.

వ్యాఖ్య:
సరిపోదు. 'తెలుసు' అన్న మాట ముందూ, తెలియడం తర్వాతా అయితే, ఆ మధ్యలో ఉన్నది నమ్మకమే కదండీ.

వ్యాఖ్య:
ఒక సందేహం. మీ ఇబ్బంది మాటతోనేనా, అసలు విషయంతోనా? తప్పుగా అనుకోకండి.

పోస్టు పెట్టినావిడ:
తప్పేముందండీ, రెండూ. 2013 నుంచి మా సంఘమే వెబ్‌సైటులో చరిత్ర వ్యాసాలు పెట్టింది. జోసెఫ్ స్మిత్‌కి 30 నుంచి 40 మంది దాకా భార్యలని అందులోనే ఉంది. నల్లజాతి మగవాళ్ళకి యాజకత్వం (మా దగ్గర మామూలు మగవాళ్ళకి కూడా ఇచ్చే మతాధికారం) ఇవ్వకూడదని 1852లో, జోసెఫ్ స్మిత్ తర్వాత నాయకుడైన బ్రిగమ్ యంగ్ ప్రకటించారు, ఆ నిషేధం 1978 జూన్ దాకా నడిచింది. అదే ఏడాది డిసెంబరులో మావాళ్ళకి ఇక్కడ బాప్తిస్మం! ఆరు నెలల తేడా. సండే స్కూల్లో ఎవరూ ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చెప్పలేదు. చిన్నప్పటి నుంచి గట్టిగా చెబుతూ వచ్చినవి ఇప్పుడు నమ్మకాలుగా మిగిలాయి. కచ్చితంగా తెలిసినవి మాత్రం ఈ సంగతులే.

అందుకే ఇంకో మాట మీదా గొడవ. డీటర్ ఉక్‌డార్ఫ్ అనే నాయకుడు 2013 అక్టోబరులో అన్నది మా యువతకి కంఠతా వచ్చు: మీ విశ్వాసాన్ని అనుమానించే ముందు మీ అనుమానాలను అనుమానించండి. ఇక్కడ "అనుమానం" సరైన మాటేనా?

వ్యాఖ్య:
నేనైతే వాడను. సంస్కృత తర్కంలో అనుమానం ఒక ప్రమాణం, పొగని చూసి నిప్పుందని తేల్చుకోవడం. మన నోట్లో పడి "అనుమానం పెనుభూతం" అయింది. పోలీసులకి ఉండేది అనుమానం, క్లాసులో చెయ్యెత్తి అడిగేది సందేహం. ఆవిడ పైన రాసిన తేదీల గురించి అడిగితే అది సందేహమే. "మీ సందేహాలను కూడా ఒకసారి ప్రశ్నించుకోండి" అంటే మర్యాదగా ఉంటుంది.

పోస్టు పెట్టినావిడ:
ఇది బాగుంది. వచ్చే నెల యువత క్లాసు నాదే, బోర్డు మీద రెండూ రాసి ఏది కావాలో వాళ్ళనే అడుగుతా. మైకు దగ్గర మాత్రం నాది "నమ్ముతున్నాను"యే.