అప్‌డేట్: హేవలాక్ వంతెన నమూనా ఇప్పుడు ఎలా ఉందంటే

రాజమండ్రిలోని హేవలాక్ వంతెనకు 1:87 నిష్పత్తిలో నేను చేస్తున్న నమూనా అచ్చం ఆటబొమ్మలా కనిపిస్తోందని, దాన్ని ఎలా సరిదిద్దాలని ఇంతకుముందు అడిగాను. 1900 నుంచి 1997 వరకు రైళ్లను మోసిన ఆ వంతెనకు 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య ఉండే భాగాలు) ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 45.7 మీటర్లు కాబట్టి, మొత్తం కట్టాలంటే నమూనాకే 29 మీటర్లకు పైగా స్థలం కావాలి, మా గది పొడవేమో నాలుగు మీటర్లే. మీలో కొందరు చెప్పినట్లు స్పాన్ పొడవును తగ్గించకుండా, వాటి సంఖ్యను మాత్రం మూడుకు కుదించాను.

అయితే అసలు లోపం కొలతల్లో కాక రంగులో ఉందని తేలింది. మెరిసే బూడిదరంగును తీసేసి, మెరుపులేని రంగు వేసి, నీళ్లలా పలుచన చేసిన ముదురు గోధుమరంగును మూలల్లోకి పారించి, పైభాగాలను వెంటనే గుడ్డతో తుడిచాను. తొందరపడి అట్టతో చేసిన గర్డరు (వంతెన దూలం) మీద కూడా అదే చేయడంతో అది ఉబ్బిపోయింది. ప్లాస్టిక్ షీటుతో మళ్లీ చేయవలసి వచ్చింది. ఫోమ్ స్తంభాలపై రాతి వరుసలను మొద్దు పెన్సిల్‌తో నొక్కి, అడుగున వరదనీటి మరకను చాక్‌పొడితో అద్దాను. ఇనుప భాగాలను కలిపి ఉంచే రివెట్లు ఇంకా పెట్టలేదు.