అప్‌డేట్: నడుము నొప్పికి కైరోప్రాక్టిక్, వెళ్లొచ్చాను

రెండు నెలల కింద అడిగింది నేనే: నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులాంటి డిస్క్ ఉబ్బింది, వీడియోల్లోలా ఎముకలు టకటకమనిపించే కైరోప్రాక్టిక్ అంటే భయం, వెళ్లొచ్చా అని. ముందు ఎమ్మారై తీయించుకోమన్న వాళ్లకు దండం. నెల్లూరులో ఎముకల డాక్టర్ చూసి, కాల్లో బలం తగ్గలేదు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆ తర్వాతే కావలిలో పినాకిని రైలెక్కి చెన్నైలో కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లాను.

అక్కడ మెడ తిప్పడం, నడుము విరవడం ఏమీ లేదు. బోర్లా పడుకోబెట్టారు. బల్ల కింది సగం మెల్లగా వంగుతుంటే నడుము సాగినట్టు ఉంటుంది. దీన్ని ఫ్లెక్షన్-డిస్ట్రాక్షన్ అంటారట. ఇంకోటి యాక్టివేటర్: స్ప్రింగ్ ఉన్న చిన్న పరికరం, టిక్కుమని తాకుతుంది, అంతే. ఆ రాత్రి మాత్రం ఒళ్లు నొప్పులు, పైగా మా ఆవిడ చీవాట్లు.

ఆరు సిట్టింగులయ్యాయి. పిక్కలోకి లాగే నొప్పి బాగా తగ్గింది, పొద్దున్నే నడుము పట్టు ఇంకా ఉంది. ఇందులో వైద్యం ఎంతో, రోజూ నడవడం ఎంతో చెప్పలేను. డిస్క్‌ను లోపలికి తోసేస్తారని మాత్రం అనుకోకండి. మూత్రం ఆగకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఇవేవీ పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

నిన్న బండి మీద బిట్రగుంట దాకా వెళ్లొచ్చాను. మధ్యలో ఒక్కసారే దిగాను, అదీ టీ కోసం.